ఎనిమిది మీటల పెట్టె

పత్రిక చేతికి వచ్చినతోడనే వంటల పుటను, బిడ్డల పెంపకపు పుటను ముందుగా తిరుగవేయు సోదరీమణులు ఈ వ్యాసము పేరు జూచి, "ఇదెక్కడి పెట్టె? దీని మీటలతో మనకేమి పని?" యని పెదవి విఱువవచ్చును. వారిని మేము తప్పుపట్టము. 2001వ సంవత్సరము మార్గశిరమాసము వఱకు మేమును అట్లే తలంచితిమి. మా మేడగదిలో గోడవారగా నొక చిన్నబల్లమీద నల్లనిపెట్టె యొకటి పచ్చదీపములు వెలిగించుకొని తన పని తాను చేసికొనుచుండెను. మా పని మేము చేసికొనుచుంటిమి. ఆ పెట్టె యడుగున గోరంత కంటెను చిన్నవగు మీట లెనిమిది కలవనియు, వానిలో మూడవది తప్పుగా నుండినచో ఆఱుగురు స్త్రీల కూలి నిలిచిపోవుననియు మాకు దెలియదు.

మేమనగా తోడికోడండ్ర మిద్దఱము. మా కాపురము హైదరాబాదులో నల్లకుంట. మాలో పెద్దది బి.యస్సీ. చదివినది, చిన్నది టైపు పరీక్షలో నెగ్గినది. ఆ దినములలో మా నగరమునందు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షను అను పని విరివిగా సాగుచుండెను. అమెరికాలోని వైద్యులు రోగిని జూచిన పిమ్మట తమ యభిప్రాయమును చేతితో వ్రాయుటకు మాఱుగా నోటితో చెప్పి యంత్రమున కెక్కింతురు. ఆ మాటలు కంప్యూటరు ఫైళ్లయి సముద్రములు దాటి వచ్చును. ఇచ్చటి స్త్రీలు చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, కుట్టుమిషను త్రొక్కినట్లు కాలిక్రింది పెడలుతో ఆ మాటను ఆపుచు, నడుపుచు, వెనుకకు త్రిప్పుచు, విన్నదానిని టైపు చేయుదురు. కూలి పంక్తికింత యని లెక్క. అక్కడ ప్రొద్దుగ్రుంకి వైద్యులు ఇండ్లకు బోవు వేళకు మనకు తెల్లవాఱుచుండును. శీతకాలమున న్యూయార్కు గడియారము కంటె మన గడియారము పదిన్నర గంటలు ముందు. కావున తెల్లవాఱుజామున ఫైళ్లు దింపుకొని సాయంకాలము ఆఱింటిలోపల వ్రాతప్రతులు పంపివేసినచో, అచ్చటి వైద్యుడు ఉదయము ఆసుపత్రికి వచ్చునప్పటికి కాగితము సిద్ధముగా నుండును. ఈ యేర్పాటులోని సొగసంతయు ఆ పదిన్నర గంటలలోనే యున్నది. ఆఱు దాటినచో సొగసు లేదు, కూలియు లేదు.

మా యింటికి వచ్చి పనిచేయువారు ఆఱుగురు. ఒకామె భర్త పనిచేయు కార్ఖానా మూతపడెను. ఒకామె కూతునకు కాలేజి జీతము కట్టవలసియుండెను. తక్కినవారి కథలును ఇట్టివే. కంప్యూటరులు కొనుటకు మాలో పెద్దదాని గాజులును చిన్నదాని కాసులపేరును బ్యాంకులో కుదువబెట్టితిమి. మా మగవారు వలదనలేదు, అవుననలేదు. అత్తగారు మాత్రము, "పెట్టండమ్మా, బీరువాలో పడుంటే అవి మాత్రం ఏం చేస్తున్నాయి?" యనెను.

మొదట సామాన్యమైన టెలిఫోను తీగె మీదనే నెట్టుకొని వచ్చితిమి గాని అది నిమిషనిమిషమునకు తెగిపోవుచుండెడిది. అందుచే అద్దెలైను తీసికొంటిమి. ఇది నెంబరు త్రిప్పనక్కఱలేని లైను. రేయింబవళ్లు తెఱచియే యుండును. దీనిలో మాట మాటగా పోదు. సున్నలుగను ఒకట్లుగను, సెకనుకు 64,000 చొప్పున పోవును. ఈ 64,000 అను లెక్క ఎక్కడిదని మాలో చిన్నది మొదటినుండియు అడుగుచుండెను. దాని కథ యిది. మనుష్యుని కంఠధ్వనిని సెకనుకు 8,000 మాఱులు కొలిచి, ఒక్కొక్క కొలతను ఎనిమిది గుఱుతులతో వ్రాసినచో, ఆ గుఱుతులనుండి మరల కంఠమును పుట్టింపవచ్చును. ఎనిమిది వేలను ఎనిమిదిచే హెచ్చించిన 64,000. ధ్వనిని ఇట్లు అంకెలుగా పంపవచ్చునని ఆంగ్లేయుడగు అలెక్ రీవ్స్ ఊహించి 1938లో పేటెంటు కోరెను. ఆనాటి యంత్రములతో అది సాగలేదు. 1962లో అమెరికాలో వ్యాపారపద్ధతిని మొదలయ్యెను. మన దేశమున ఒక పెద్దలైనులో ఇట్టి గదులు 32 ఉండును: ముప్పది మాటలకు, ఒకటి వరుస తప్పకుండుటకు, ఒకటి పిలుపుల సంకేతములకు. మొత్తము సెకనుకు 20,48,000 గుఱుతులు. అందులో నొక గదికి మేము అద్దెదారులము. ఆ గదికిని మా యింటికిని నడుమ ద్వారపాలకునివలె నుండునదే మోడెము అనెడి ఆ నల్లనిపెట్టె.

ఒకనాటి రాత్రి కరెంటు ఒక్కుమ్మడిగా హెచ్చి, రెండు దీపములను మోడెమును కాల్చివేసెను. పెట్టెలమ్ము వర్తకునకు కబురుచేయగా ఆయన మనుష్యుడు మఱునాడే వచ్చి, మాడిన పెట్టెను గొనిపోయి, దానివంటిదే మఱియొకటి బల్లమీద పెట్టి తగిలించెను. పచ్చదీపములు వెలిగెను. "లైట్లు వచ్చాయి కదమ్మా" యని ఆతడు సంతకము చేయించుకొని పోయెను. పాతపెట్టె మీటలు ఏ తీరున నుండెనో ఆతడు చూడలేదు. చూడవలెనని మాకును దోచలేదు.

ఆ తెల్లవాఱుజాముననే చిక్కు మొదలయ్యెను. ఉత్తరములు వచ్చుచుండెను. చిన్నచిన్న ప్రతులు పోవుచుండెను. వైద్యుల మాటలుగల పెద్ద ఫైళ్లు మాత్రము కొంతదూరము వచ్చి నిలిచిపోవుచుండెను; మరల మొదటినుండి దింపవలసివచ్చెడిది, మరల నిలిచెడిది. బొత్తిగా రాకపోయినచో లైను తెగినదని యనుకొందుము. అన్నియు వచ్చినచో సంతోషింతుము. ఈ సగము సగము రాకయే మనుష్యుని పిచ్చివానిని చేయును. లైనిచ్చిన వారికి ఫోను చేసితిమి. వారు తమచోటనుండియే మా పెట్టెలో లూపు మూయించి, అనగా తాము పంపినది మా గడప తాకి తిరిగి తమకే వచ్చునట్లు చేసి, నూతిలో కేకవేసి ప్రతిధ్వని విన్నట్లు పరీక్షించి, "మా లైను శుభ్రముగా నున్నది, దోషము మీ పెట్టెది" యనిరి. వర్తకునకు ఫోను చేసితిమి. "పెట్టె మంచిది, దోషము లైనుది" యనెను. ఒకరినొకరు చూపుకొను ఈ యిద్దఱి నడుమ ఆనాటి ప్రొద్దు గడచిపోయెను. ఆఱుగురు స్త్రీలును ఖాళీ పెడళ్లపై కాళ్లు పెట్టుకొని కూర్చుండిరి. సాయంకాలము పని యిచ్చినవారినుండి మర్యాదగనే ఒక యుత్తరము వచ్చెను: మఱి రెండు దినము లిట్లే జరిగినచో పని వేఱొకరికి మార్చుకొందురట.

ఆ రాత్రి పెట్టెతోడి పుస్తకమును ముందువేసికొని కూర్చుంటిమి. పెట్టెను బోర్లించి చూచితిమి. ఒక చిన్న కిటికీలో ఎఱ్ఱని దిమ్మె. దానిలో వరుసగా తెల్లని మీటలు ఎనిమిది. దీనిని డిప్ స్విచ్చి యందురు. చిప్పునకువలె దీనికిని క్రింద రెండు వరుసల కాళ్లుండును, కాలికి కాలికి నడుమ 2.54 మిల్లీమీటరులు. ఒక్కొక్క మీట పైకో క్రిందికో ఉండవలెను గాని నడుమ నుండరాదు. ఎనిమిది మీటలకు 256 తీరు లగును. మా పెట్టెలో మొదటి రెండును వేగమునకు, మూడవది గడియారమునకు, నాలుగవది పెట్టె ఎక్స్ఛేంజి వైపుదో ఇంటివైపుదో చెప్పుటకు, అయిదవది తీగెలు రెండో నాలుగో చెప్పుటకు, ఆఱవది మాకు పనిలేనిది, కడపటి రెండును పరీక్షలకు. ఇతరుల పెట్టెలలో వరుస వేఱుగా నుండును. దీనిని జూచి ఎవ్వరును తమ పెట్టెను దిద్దుకొనరాదు.

ఇచ్చట సోదరీమణులకు ఒక్కమాట. దిమ్మెమీద ఒకవైపున "ఓపెన్" అని అచ్చువేసియుండెను. ఓపెన్ అనగా తెఱచుటయే గదా. కొళాయి తెఱచిన నీరు వచ్చును, తలుపు తెఱచిన గాలి వచ్చును. కావున ఆ వైపునకు జరిపిన మీట పనిచేయుచున్నదని మేమనుకొంటిమి. విద్యుత్తు సంగతి తలక్రిందు. అచ్చట తెఱచుట యనగా దారి తెగుట. ఓపెన్ అనగా ఆఫ్. కొన్ని దిమ్మెలమీద ఆ మాటకు మాఱుగా రెండవవైపున "ఆన్" అని యుండును. రెంటి యర్థము నొక్కటే, వ్రాసినవైపు మాత్రము వేఱు. పుస్తకములోని బొమ్మ దీనికంటె ఘనము. ఒక్కొక్క మీటకు ఒక నలుచదరము. అందులో సగము నలుపు, సగము తెలుపు. నలుపు మీటయా, మీట జరిగిపోగా మిగిలిన గుంటయా? ఎక్కడను చెప్పలేదు. ఒక గంట దానిమీదనే వాదించుకొంటిమి. తుదకు ఎన్నడును మార్చకుడని పుస్తకమున వ్రాసియున్న ఆఱవ మీటను బొమ్మతో సరిపోల్చి, నలుపే మీట యని తేల్చితిమి.

మీటను గోటితో జరుపుట కలవికాదు. పెన్సిలుతో జరుపబోగా, అదృష్టవశమున, వలదని పుస్తకముననే యుండెను. పెన్సిలు ముల్లుపొడి కరెంటును పాఱనిచ్చు పదార్థము. లోపల రాలినచో మీట ఒకవైపుననున్నను రెండువైపులను ఉన్నట్లగును. చీపురుపుల్ల తెచ్చి కొన సన్నముగా కోసి దానితో జరిపితిమి. మూడవ మీట దగ్గఱ "క్లాక్" అని యుండుటచే, గంటల లెక్కలతో బ్రదుకువారము గనుక, మొదట దానిమీదనే యనుమానము కలిగెను. జరిపితిమి. ఫైలు దింపిచూచితిమి. ఎప్పటివలెనే నిలిచిపోయెను. "దీని తప్పేమియు లేదు" అని దానిని యథాస్థానమునకు త్రోసితిమి. పిమ్మట రెండవదానిని, అయిదవదానిని, మరల రెండవదానిని, నాలుగవదానిని. ఎంత జరిపినను పెట్టెలో చలనము లేదు. అర్ధరాత్రి దాటునప్పటికి ఏ మీట మొదట ఎట్లుండెనో మా యిద్దఱిలో నొకరికిని జ్ఞాపకము లేదు. కాగితముమీద గుఱుతు పెట్టుకొనలేదు. పప్పులో ఉప్పు వేసినదో లేదో మఱచినవారు రుచి చూచి తెలిసికొందురు; మాకు చూచుటకు రుచియును లేకపోయెను.

మఱునాడు పదిగంటలకు కరెంటు పోయెను. అరగంటకు వచ్చెను. వచ్చినతరువాత చూడగా, అంతవఱకు పోవుచు వచ్చుచునుండిన ఉత్తరములును నిలిచిపోయినవి. పచ్చదీపమును లేదు. రాత్రి మేమెంత కదిపినను ఉలుకక పలుకక యున్న పెట్టె, తెల్లవాఱి ఎవరును ముట్టనప్పుడు చచ్చినట్లయ్యెను. మాలో చిన్నది ఏడ్చెను, దాచనేల? పెద్దదియు ఏడ్చెను గాని వంటింటిలోనికి పోయి యేడ్చెను.

పుస్తకము కడపటి పుటలో సన్నని యక్షరములతో నున్న యొక వాక్యము అప్పుడు కనబడెను. ఈ పెట్టె మీటలను నిత్యము చూచుచుండదట. కరెంటు అందుకొని మేలుకొనునప్పుడు ఒక్కమాఱు చూచి, ఆ తీరును మనసున బెట్టుకొని, మరల నిద్రించి మేలుకొనువఱకు దానినే నమ్మియుండునట. రాత్రి మేము జరిపినవి అది చూడనేలేదు. మూడవ మీటను మేము నిర్దోషియని వదలిపెట్టినది విచారణ జరుగకయే! అన్ని యంత్రములును ఇట్టివి కావు. కొన్ని వెంటనే గ్రహించును. మాది గ్రహింపనిది. ఆ వాక్యమును మొదటి పుటలో పెద్దయక్షరములతో ఏల వేయలేదో ఆ పుస్తకము వ్రాసినవారికే తెలియవలెను.

ఇప్పుడు రెండు చిక్కులు: మొదటిది అట్లేయున్నది, దానిమీద మేము తెచ్చిపెట్టినది మఱియొకటి. ఎక్స్ఛేంజికి ఫోను చేసి, ఈ మాఱు "బాగుచేయుడు" అనక, "మా లైను వేగమెంత? తీగెలు రెండా, నాలుగా?" యని యడిగితిమి. అడుగు తీరు మాఱగానే చెప్పు తీరును మాఱినది. అవతల మాటలాడినామె యెవరోగాని ఓర్పుగలది. 64, తీగెలు రెండు, మాది ఇంటివైపు కొస. ఒక్కొక్కదానికే మీట దిద్ది, ఒక్కొక్కమాఱును కరెంటు తీసి, పది యంకెలు లెక్కించి, మరల నిచ్చి, కాగితముమీద వ్రాసికొంటిమి. సాయంకాలమునకు పచ్చదీపము వచ్చెను, ఉత్తరములు వచ్చెను, పెద్ద ఫైళ్లు మరల నిలిచిపోవుచుండెను. అనగా ఎచ్చట మొదలుపెట్టితిమో అచ్చటికి చేరితిమి. ఆనాటి యాఱుగంటలును దాటిపోయెను.

రాత్రి అత్తగారు జపమాలతో మేడమీదికి వచ్చి, మాకు తోడుగా కుర్చీలో కూర్చుండెను. ఆమె కంప్యూటరుల జోలికి రాదు. పెట్టెమీద తప్పు జరిగినప్పుడు మిణుకుమను ఎఱ్ఱదీప మొకటి కలదు. మేము దానిని రెండు దినములనుండి చూచుచునే యుంటిమి. కొంతసేపటికి ఆమె మాల ఆపి, "ఏమే పెద్దదానా, ఆ ఎర్రదీపం ఊరికే కొట్టుకోవడం లేదు. మూడు పూసలకొకసారి లెక్కగా కొడుతోంది చూడు" అనెను.

చూచితిమి. నిజమే. తీగెలో తడి చేరినను, ముడి వదులైనను, ప్రక్కన నీటిమోటారు తిరిగినను కలుగు దోషము వేళాపాళా లేనిది. ఒకప్పుడు చిటపట, ఒకప్పుడు మౌనము. ఇది అట్లుగాక ఊపిరి తీసినట్లు వచ్చుచుండెను. లెక్కగా వచ్చు తప్పు లెక్కలోని తప్పే కావలెను. మాలో పెద్దది మూడవ మీటను గుఱించిన పుటను మరల చదివి, అర్థమగునట్లు అత్తగారికి చెప్పబోయెను: అంకెల లైనులో గుఱుతునకు గుఱుతునకు నడుమ ఎడము గడియారము చొప్పున నుండును, ఆ గడియారము పెట్టెలోపలిది కావచ్చును, లేక లైనుమీద వచ్చు గుఱుతుల నడకనుబట్టి అవతలివారి గడియారమును గ్రహింపవచ్చును, మూడవ మీట ఈ రెంటిలో నేది యని చెప్పును. అత్తగారు సాంతము వినలేదు. "ఒక రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఎవరి లెక్క వారిదైతే రోకళ్లు తగులుకోవూ? ఒకరు వేస్తుంటే రెండోవారు విని వేయాలి. మీ పెట్టె వింటోందా, తన ధోరణిలో తాను వేస్తోందా?" యనెను.

ఇంతకంటె చక్కగా ఏ పుస్తకమును చెప్పలేదు. మా పెట్టె తన ధోరణిలో తాను వేయుచుండెను. అందులోని గడియారము స్ఫటికపు ముక్క. ఎంత మంచిదైనను ఎక్స్ఛేంజి గడియారముతో అక్షరాల సరిపోదు. 10 లక్షలకు 50 చొప్పున భేదమున్నదనుకొందము. అది రోజుకు నాలుగు సెకనుల తప్పు; గోడగడియారములో నైనచో పట్టించుకొనము. సెకనుకు 64,000 గుఱుతులు పోవు లైనులో అది సెకనుకు మూడు గుఱుతులకు పైగా పెఱుగుటయో తఱుగుటయో యగును. రెండున్నర సెకనులలో ఎనిమిది. అంతట దాచుకొను చోటు నిండి, ఎనిమిది గుఱుతుల నొక్కమాఱుగా పాఱవేయుటయో, ఉన్నవానినే మరల చెప్పుటయో జరుగును. దీనిని జారుట యందురు. దేశదేశముల పెద్ద ఎక్స్ఛేంజిలలోని గడియారములకు పదివేల కోట్లలో ఒక పాలు కంటె ఎక్కువ తప్పు కూడదని కట్టడి కలదు. అట్టివి రెండు ఒకదాని నొకటి వినక నడచినను దాదాపు 70 దినములకు గాని ఒక్కమాఱు జారదు. మాది మూడు పూసలకొకమాఱు జారుచుండెను.

మఱి ఉత్తరములు ఏల వచ్చెను? కంప్యూటరులు దేనినైనను మూటలుగా కట్టి, మూటకొక ముద్రవేసి పంపును. మూటలో నొక్క గుఱుతు తప్పినను ముద్ర సరిపోక మూట మొత్తము పాఱవేయబడును, మరల తెప్పించుకొనవలెను. పెద్దమూట మా లైనుమీద నడచుటకు సెకనులో అయిదవవంతు పట్టును. కావున అట్టి పదమూడింటిలో నొకటి ఆ జాఱుడుక్రింద పడుచుండెను. ఉత్తరమునకు మూటలు తక్కువ, చిన్నవి. అవి జాఱుటకును జాఱుటకును నడుమ దాటిపోవుచుండెను. వేలకొలది మూటలు గల ఫైలు మాత్రము ఎంత తప్పించుకొనగలదు? ఎక్స్ఛేంజివారి లూపు పరీక్షలో దోషము కనబడకుండుటయు అప్పుడు తెలిసెను. వారు పంపినదే వారి నడకతోనే తిరిగివచ్చుచుండెను. ఒక్కరే దంచునప్పుడు రోకళ్లు తగులుకొనవు గదా.

అయినను ఈ మాఱు తొందరపడలేదు. ఎక్స్ఛేంజికి ఫోను చేసి, "గడియారము మీదా, మాదా?" యని యడిగితిమి. "ఎప్పుడూ మాదేనమ్మా, మీ పెట్టె లైన్లోంచి తీసుకోవాలి" అనిరి. రెండు దినములనుండి మేము వారిని అడుగనిది, వారు మాకు చెప్పనిది ఈ మాటయే. చీపురుపుల్లతో మూడవ మీటను అవతలకు జరిపి, కరెంటు తీసి, పది లెక్కించి యిచ్చితిమి. పచ్చదీపము వచ్చెను. ఎఱ్ఱదీపము కొఱకు మువ్వురమును ఎదురుచూచితిమి. అత్తగారు మాల మొదటి పూసనుండి మొదలుపెట్టి నూటయెనిమిది పూసలును త్రిప్పెను. అది ఒక్కమాఱైనను మిణుకుమనలేదు. "ఇంక పడుకోండి" యని ఆమె క్రిందికి దిగిపోయెను. మేము పడుకొనలేదు, నిలిచిపోయిన ఫైళ్లన్నిటిని తెల్లవాఱువఱకు దింపితిమి.

ఆనాటి పని అయిదున్నరకే పంపితిమి. పోయిన రెండు దినముల కూలి మాత్రము అటువైపునుండి రాలేదు. ఆఱుగురిని ఖాళీగా కూర్చుండబెట్టినది మా యింటి పెట్టెయే గనుక, వారి రెండు దినముల కూలి మేమే యిచ్చితిమి. బ్యాంకులోని గాజులు అనుకొన్నదానికంటె మఱి మూడు నెలలు అచ్చటనే యుండెను. కూతునకు కాలేజి జీతము కట్టవలసినామె ఆ రెండవనాడే వేఱొకచోట పని కుదుర్చుకొని వెళ్లిపోయెను. ఆమెను పిలిపించితిమి గాని, మాట యిచ్చివేసితినని తిరిగిరాలేదు. ఆ సంగతి నేటికిని మనసున మెదలును.

వర్తకుని మనుష్యుడు వారము తరువాత వచ్చినప్పుడు గట్టిగా నిలదీసితిమి. తేలిన దేమనగా, ఆ పెట్టె కొత్తది గాదు. తమ రెండు కట్టడముల నడుమ సొంత తీగె వేసికొన్నవారెవరో వాడి తిరిగి యిచ్చినది. అట్టిచోట ఎక్స్ఛేంజి యుండదు గనుక రెండు పెట్టెలలో నొకటి తన గడియారమును తానే నడుపవలెను. ఈ పెట్టె అచ్చట ఆ పని చేసినది. దానికది సరియైన తీరే! మా యింటికి వచ్చినను దానిని మార్చినవారు లేకపోయిరి. తప్పు ఆతనిదే యని మేమనగా, "పాతపెట్టె సెట్టింగు మీరు రాసి పెట్టుకోలేదా అమ్మా?" యని ఆతడు తిరిగి యడిగెను. ఆతనిపై కోపము వచ్చినమాట నిజము. బదులు చెప్పలేకపోయినమాటయు నిజము.

నేడు ఇండ్లకు వచ్చు గాజుతీగె లైనులకు ఇట్టి మీటలు కానరావు. ఆ దిద్దుబాట్లన్నియు లైనిచ్చువారు దూరమునుండియే చేయుదురు. కాని డిప్ స్విచ్చి లోకమునుండి పోలేదు. గేటు రిమోటులలోను, పంకా రిమోటులలోను నేటికిని చూడవచ్చును. మొన్నమొన్న మా ప్రక్కవాటావారు తమ రిమోటు నొక్కినప్పుడెల్ల మా గదిలోని పంకా తిరుగుచుండెను. ఇరువురి మీటలును ఒకే తీరున నుండుటయే కారణము. ఆ యింటికోడలు దయ్యమని భయపడినది. మేము చీపురుపుల్ల పట్టుకొని పోతిమి.

ఆ యద్దెలైనును 2006లో వదలుకొంటిమి. పెట్టె అటకమీద నున్నది. మేడగదిలోని బీరువా వంటింటిలోనికి వచ్చి, ఇప్పుడు పప్పుడబ్బాలకు నెలవైనది. దాని తలుపు లోపలివైపున, ఎక్స్ఛేంజి ఫోను నెంబరు క్రింద, ఎనిమిది గళ్ల బొమ్మగల కాగిత మొకటి అంటించియున్నది, అంచులు పసుపువాఱినవి. ఆ మఱునాడే, మా యిద్దఱి చేతివ్రాతమీద నమ్మకము లేక కాబోలు, అత్తగారు తానే గీసి వ్రాసినది. ఒకటవ గడికిని రెండవ గడికిని ఎదురుగా "వేగం" అని, నాలుగవదానికి "మనం ఇంటివైపు" అని, అయిదవదానికి "రెండు తీగెలు" అని, ఆఱవదానికి "ముట్టవద్దు" అని వ్రాసెను. మూడవదాని కెదురుగా మాత్రము, "రోకలి వాళ్లది. మనం వినాలి" అని యున్నది. ఆమె పోయి చాలయేండ్లయినది. కందిపప్పు తీయునప్పుడెల్ల అది కనబడును.